ఎండల పెట్టి చూడాలె

మ్యాచింగ్ బ్లౌజ్ పీసు ట్యూబ్‌లైటు కింద చూసి కొనొద్దని మా అమ్మ ఒట్టు పెట్టుకున్నట్టే ఉండేది. షాపులో పది రకాల మెరూన్లు పరిపించి, అందులోంచి రెండు ఏరి, "ఇవి బయటికి తీస్కరా బాబూ, ఎండల పెట్టి చూద్దాం" అనేది. షాపు పిల్లోడు ఒక చేత్తో మా చీర కొంగు, ఇంకో చేత్తో ఆ రెండు ముక్కలు పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేవాడు. పక్కనుంచి రిక్షా వాడు "హటో హటో" అంటున్నా అమ్మ కదిలేది కాదు. నడిబజారులో నిలబడి కొంగు పక్కన ముక్క ఆనించి, తల ఇటు వంచి అటు వంచి చూసేది. లోపల అక్కచెల్లెళ్లలా ఉన్న రెండు రంగుల్లో ఒకటి ఎండ తగలగానే ఇటుకపొడి రంగైపోయేది. "చూసినవా" అని నావైపు తిరిగేది, ఏదో ఆస్తి కాగితం నా చేతిలో పెట్టినట్టు.

హైదరాబాదు కోఠీలో ఉన్న సుల్తాన్ బజార్ గురించి ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఎండే. తర్వాతే రెసిడెన్సీ, లైబ్రరీ, తుర్రెబాజ్ ఖాన్, మిగతా చరిత్రంతా. అక్కడ పుట్టి పెరిగిన వాళ్లకు చరిత్ర ఆలస్యంగా తెలుస్తుంది. బయటినుంచి వచ్చినవాళ్లు కెమెరా పట్టుకుని గోడలు చూస్తారు, మాకేమో ఆ గోడ పక్కన కొత్తిమీర అమ్మే ముసలమ్మ ఇవాళ వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం.

మేమున్నది బడీచౌడీ వెనక ఒక సందులో. కింద గాజుల గోదాము, పైన రెండు గదుల పోర్షను. నాకు మూడేళ్లప్పుడు, 1972లో, బాపు నల్గొండ జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి అందులో దిగాడు. మళ్లీ 1991లోనే ఖాళీ చేశాం. ఇంటి ఓనరు మరాఠీ ఆవిడ, వాడకట్టంతా ఆమెను ఆయీ అనే పిలిచేది. పక్క పోర్షన్లో కన్నడం వాళ్లు. సందు మొదట్లో కుట్టు మిషన్ పెట్టుకుని దర్జీ చాచా ఉండేవాడు, ఆయనది ఉర్దూ. నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి నల్లా దగ్గర మరాఠీలో కొట్లాడటం, బజార్లో ఉర్దూలో బేరమాడటం, ఇంటికొచ్చి తెలుగులో ఏడవడం, మూడూ వచ్చేశాయి.

పొద్దున ఐదింటికి గాజుల పెట్టెలు దించే చప్పుడు. గడ్డి పరిచిన చెక్కపెట్టెలు అవి. ఒక్కో పెట్టె కింద పెడుతున్నప్పుడు లోపలి గాజులన్నీ ఒక్కసారి గలగలమనేవి. ఆ చప్పుడుకి మాకు మెలకువ వచ్చేది కాదు. రాకపోతేనే వచ్చేది. బంద్ రోజున, కర్ఫ్యూ రోజున బాపు లేచి కూర్చుని "ఏమైందో ఏమో, గాజులు దింపలే" అనేవాడు. హైదరాబాదులో కర్ఫ్యూ రేడియోలో వినకముందే మాకు అట్లా తెలిసిపోయేది.

కోఠీ అంటే బంగళా. ఏ బంగళా అని అడక్కుండానే పేరు నిలబడిపోయిందంటే అదెంత పెద్ద బంగళానో చూడండి. నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే రెసిడెంటు కోసం కట్టింది అది. 1798లో ఇక్కడికి రెసిడెంటుగా వచ్చిన జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో పని మొదలుపెట్టించాడు. ఆ స్థలం గురించి ఒక కథ చెప్తారు. కిర్క్‌పాట్రిక్ తనకు కావలసిన భూమిని పెద్ద పటంగా గీయించి నిజాం అలీఖాన్ ముందు పరిస్తే, ఆయన చూసి ఇవ్వనన్నాడట. నిజాం కొలువులో ఉన్న మీర్ ఆలంను కనుక్కుంటే, ఇంత పెద్ద కాగితం తెస్తే ఎవరిస్తారు, నిజాం తన రాజ్యం మొత్తాన్ని కూడా ఇంత పెద్ద కాగితం మీద చూసి ఉండడు అన్నాడట. అదే భూమిని చిన్న చీటీ మీద గీసి తీసుకెళ్తే సరేనన్నాడట. ఇది నిజమో కాదో గానీ నాకు మాత్రం చాలా ఇష్టం. కోఠీలో జరిగిన మొదటి బేరం ఇదే అని మా పిల్లలకు చెప్తుంటాను. అడిగే వస్తువు ఒకటే, అడిగే తీరులోనే ఉంటుంది. మా అమ్మకు ఈ కథ తెలిసి ఉంటే కిర్క్‌పాట్రిక్‌ను మెచ్చుకునేది.

బంగళా చుట్టూ బజారు పెరిగింది. దాన్ని రెసిడెన్సీ బజార్ అన్నారు. వడ్డీ వ్యాపారులు, గుజరాతీ సాహుకార్లు, గోసాయీలు వచ్చి చేరారు. సాక్షాత్తు నిజాం సర్కారుకే అప్పులిచ్చి, ఆ అప్పుల గొడవలో 1820ల్లో కూలిపోయిన పామర్ కంపెనీ కూడా ఈ చుట్టుపక్కలదే. ఇక్కడ నడిచింది నిజాం పోలీసూ కోర్టూ కాదు, బ్రిటిష్ వాళ్లవి. 1933లో ఈ ప్రాంతాన్ని తిరిగి నిజాంకు అప్పగించాక సుల్తాన్ బజార్ అయింది. అంటే మేం కూరగాయలు కొన్న ఆ రోడ్డు నూరేళ్లకు పైగా హైదరాబాదులో ఉండి కూడా హైదరాబాదు కాదు. ఏదో చిన్న కానూను సంగతిలా కనపడుతుంది గానీ, దీనివల్లే మన తెలుగుకు ఈ ఊళ్లో ఒక ఇల్లు దొరికింది.

ఆ ఇల్లు మా బాపుకు గుడి. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటి వాళ్లు పూనుకుని పెట్టింది. కొలువుల్లో, కచేరీల్లో అంతా ఉర్దూ నడిచే రాజ్యంలో తెలుగు పేరు మీద ఒక గ్రంథాలయం అంటే మాటలు కాదు. అది రెసిడెన్సీ బజార్‌లో పుట్టింది ఊరికే కాదు, ఇక్కడ నిజాం ఉత్తర్వులు నడవవు కాబట్టి గుండెల మీద చెయ్యేసుకుని తెలుగు చదువుకోవచ్చు. 1892లో ఆర్యసమాజ్ ఇక్కడే మొదలవడానికీ ఇదే వెసులుబాటు. లైబ్రరీకి సొంత భవనం 1921లో వచ్చింది.

బాపు చదువంతా ఉర్దూ మీడియం. పాలవాడి లెక్క, కిరాయి లెక్క ఉర్దూలో రాసుకునేవాడు, కుడినుంచి ఎడమకి, చిన్న చిన్న అక్షరాలతో. తెలుగు మాత్రం తనంతట తాను, పెద్దయ్యాక, పుస్తకాలు చదివి చదివి పట్టాడు. అందుకే కాబోలు చదివేటప్పుడు పెదవులు కదిలేవి. ఆదివారం పొద్దున తలంటుకుని, ఇస్త్రీ అంగీ వేసుకుని, నా చెయ్యి పట్టుకుని లైబ్రరీకి బయల్దేరేవాడు. పేపర్లు చదివే ముసలాళ్లు అప్పటికే బల్లల చుట్టూ చేరి ఉండేవారు. ఒక్కో పేపరు నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో ఉండేది. "నడిపేజీ అయిందా" అని గుసగుసగా అడగడం, ఆయన చెయ్యి మాత్రం ఎత్తి ఆగమనడం. ఫ్యాను గాలికి కాగితం రెపరెప. పాత అట్టల వాసన. ఆ వాసన నాకు ఇప్పటికీ ఎక్కడ తగిలినా బాపు తల నుంచి వచ్చే కుంకుడుకాయ వాసన కూడా వెంటే వస్తుంది.

ఒకసారి నేను తెచ్చుకున్న నవలని పప్పుచారు గిన్నె పక్కన పెట్టి చదువుతూ చారులో ముంచాను. పదకొండేళ్లు నాకు. భయంతో దాన్ని ఎండకు ఆరబెట్టి, అప్పడంలా అయ్యాక తీసుకెళ్లి బాపు వెనక నిలబడ్డాను. బాపు ఒక్క మాట అనలేదు. జేబులోంచి పైసలు తీసి దాని ధర కట్టేసి, ఆ చెడిన పుస్తకాన్ని మాకే ఇస్తారా అని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. నెలరోజులు మా ఇంట్లో టీ ఆదివారానికే పరిమితమైంది. అది ఇంకా నా దగ్గరుంది. 62వ పేజీ నుంచి 80వ పేజీ దాకా కొంచెం చింతపండు రంగు.

అమ్మ లైబ్రరీకి రాలేదుగానీ, పెళ్లయ్యాక, నేను పుట్టాక, సారస్వత పరిషత్తు వాళ్ల పరీక్షలు కట్టి విశారద దాకా పాసైంది. 1943లో మొదలైన ఆ పరిషత్తు మాకు నడిచిపోయే దూరమే, బొగ్గులకుంటలో. వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఛందస్సు బట్టీపట్టేది. "యమాతారాజభానస" అంటూ పోపు వేయడం నాకు బాగా జ్ఞాపకం. నిజాం కాలంలో ఊళ్లో బడి దొరకని ఆడపిల్ల, హైదరాబాదొచ్చి గణాలు నేర్చింది. సర్టిఫికెట్ వచ్చిన రోజు ఏం చేసిందనుకున్నారు? దాన్ని ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టి, సంచి తీసుకుని కూరగాయలకు పోయింది.

జాంబాగ్‌లో వివేకవర్ధని ముందునుంచి ఎన్ని వందలసార్లు నడిచానో. పెద్దయ్యాకే తెలిసింది అక్కడేం జరిగిందో. 1921 నవంబరు 12న అక్కడ సంఘసంస్కరణ సభ జరుగుతోంది. మహర్షి కర్వే అధ్యక్షుడు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు ప్రశాంతంగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టేసరికి సభలో గోల, చప్పట్లు, వెక్కిరింతలు. ఆయన్ని మాట్లాడనివ్వలేదు. అవమానంతో బయటికొచ్చిన తెలుగువాళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టారు. అదే పెరిగి పెరిగి ఆంధ్రమహాసభ అయింది, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సభ జరుపుకుంది. ఆ తర్వాత తెలంగాణలో ఏమేం జరిగిందో అందరికీ తెలిసిందే. ఒక పూట నవ్విన నవ్వుకి ఎంత ఖరీదో!

ఇది చదివినప్పుడు నాకు వేరే సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. 1980ల్లో నేను చదివిన చోట, పేరెందుకులెండి, తెలుగు పాఠం చెప్పే ఆమె నన్ను లేపి ఏదో అడిగితే "నాకు ఎర్కలేదు మేడం" అన్నాను. క్లాసంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది, "ముందు తెలుగు నేర్చుకో" అంది. ఉర్దూ మరాఠీల మధ్య తెలుగును కాపాడుకున్న బజారులో పెరిగిన దాన్ని నేను. మా అమ్మ విశారద. ఇంటికి పోయి అమ్మకు చెప్తే, "ఎరుక అన్నది పోతన గారి మాట. ఆమెకే ఎర్కలేదు" అని ఊరుకుంది. ఈ జవాబు ఆమె ముఖాన చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని నలభై ఏళ్లుగా అనుకుంటున్నాను.

డిగ్రీకి కోఠీ విమెన్స్ కాలేజీలో సీటొచ్చింది, 1986లో. ఇంటినుంచి పది నిమిషాల నడక. అంటే రెసిడెన్సీ బంగళానే మా కాలేజీ. 1924లో మొదలైన ఈ కాలేజీ 1949లో ఇందులోకి వచ్చింది. ముందు వరండా, ఆకాశానికి నిలబెట్టినట్టున్న స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా రెండు సింహాలు. మెట్లెన్నో లెక్కపెట్టడం మాకొక పందెం. నాకు ఎప్పుడూ 21 వచ్చేవి, నా స్నేహితురాలికి 22. అడుగున ఉన్న రాయిని మెట్టు అనాలా నేల అనాలా అన్నదే తగాదా. మూడేళ్లు తెగలేదు, ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు అదే మాట. ఎండాకాలంలో మధ్యాహ్నం ఆ రాయి చల్లగా ఉండేది. టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, సింహం కాళ్లకు వీపు ఆనించి, అమ్మ కట్టిచ్చిన పులిహోర తినేవాళ్లం. అమెరికా వైట్‌హౌస్‌లా ఉందని ఎవరో ఒకరు ఏడాదికోసారి చెప్పేవారు. వైట్‌హౌస్ మెట్ల మీద ఎవరైనా పులిహోర తిన్నారా?

ఖైరున్నీసా కథ మాత్రం కాలేజీలో అందరికీ వచ్చు, సీనియర్లు జూనియర్లకు చెప్పడం ఆనవాయితీ. మీర్ ఆలం బంధువుల అమ్మాయి. కిర్క్‌పాట్రిక్ ఆమెను పెళ్లాడాడు, మొగలాయి అంగరఖా తొడిగాడు, హష్మత్ జంగ్ అని బిరుదు. బంగళా వెనక ఆమె కోసం రంగమహల్ కట్టించాడు. పరదాలో ఉండే ఆమె బంగళా ముందువైపుకి వచ్చి చూడలేదు కాబట్టి, అచ్చం ఆ బంగళా లాంటిదే చిన్న నమూనా ఒకటి తోటలో కట్టించాడని చెప్పుకుంటారు. ఇద్దరు పిల్లలు. 1805లో ఆ పసివాళ్లను చదువుకోసమని ఇంగ్లండు ఓడెక్కించారు. కొడుక్కి నాలుగేళ్లు, కూతురికి మూడు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. పిల్లలను ఆమె మళ్లీ చూడలేదు, 1813లో పోయింది. రంగమహల్‌ను 1860లో అప్పటి రెసిడెంటు కూల్పించాడు. చిన్న నమూనా మాత్రం ఉండేది, విరిగి, మొక్కల మధ్య. ఆడపిల్లలం కదా, మాకు ప్రేమకథ కన్నా ఆ ఓడే బాధగా ఉండేది. వందల మంది అమ్మాయిలు చున్నీలు ఎగరేసుకుంటూ ఆ ముందు మెట్ల మీద కూర్చున్నాం, ఏ మెట్లనైతే ఆమె నమూనాలో చూసుకుందో ఆ మెట్ల మీదే.

మేమున్నప్పుడు ఆ బంగళా పాతబడి, గోడల సున్నం పెచ్చులు రాలుతూ ఉండేది. తర్వాత వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్లు పూనుకుని ఏళ్ల తరబడి బాగుచేశారు, 2023లో మళ్లీ జనానికి చూపించారు. 2022లో కాలేజీ కాస్తా మహిళా విశ్వవిద్యాలయం అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. కంపెనీ రెసిడెంటు బంగళా మీద పాలకుర్తి ఐలమ్మ పేరు! బాపు ఉంటే ఆ బోర్డు చూడటానికే ఒకసారి తీసుకుపొమ్మనేవాడు.

కోఠీ బస్టాపు దగ్గరున్న 1857 తిరుగుబాటు స్మారక స్తంభం సంగతి మరీ విచిత్రం. దాని పక్కన బస్సుకోసం గంటలు గంటలు నిలబడ్డాను, ఎప్పుడూ చదవలేదు. దానికి ఆనుకుని నిమ్మసోడా బండి ఉండేది, మాకది సోడా స్తంభం. 1857 జులై 17న మౌల్వీ అల్లాఉద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ దాదాపు 500 మంది రొహిల్లాలను వెంటేసుకుని ఈ రెసిడెన్సీ మీదికే వచ్చారు. పుత్లీబౌలి వైపు రెండు ఇళ్లెక్కి కాల్పులు జరిపారు. తెల్లారేసరికి ఫిరంగుల ముందు నిలవలేక చెదిరిపోయారు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, జైలునుంచి తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. శవాన్ని తెచ్చి ఇక్కడే వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు, ఆయన అక్కడే పోయాడు. ఆ తర్వాతే రెసిడెన్సీకి కోటగోడల్లాంటి గోడలు లేచాయి. మనవైపు "వాడు పెద్ద తుర్రంఖాన్ అనుకుంటున్నాడు" అని తిడతారే, ఆ తుర్రంఖాన్ ఈయనే అని చాలామంది అంటారు. తిట్టులో బతికున్నాడు పాపం, స్తంభం మీద ఎవరూ చదవలేదు.

ఊరికి పోవాలంటే గౌలిగూడ బస్టాండు. సంక్రాంతికి, బతుకమ్మకి. మిసిసిపీ హ్యాంగర్ అనేవారు దాన్ని, విమానాలు పెట్టే రేకుల షెడ్డు, బోర్లించిన సగం డ్రమ్ములా ఉండేది. 1932లో నిజాం సర్కారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పటినుంచీ అది బస్సులకే. లోపల డీజిలు పొగ, పల్లీల వాసన, "నల్గొండ నల్గొండ నల్గొండ" అని ఒకే ఊపిరిలో అరుపులు. బాపు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపేవాడు, మేం వెళ్లేసరికి ఆ తువ్వాలు మీద ఇంకెవరో కూర్చుని ఉండేవారు, ప్రతిసారీ. 1994లో ఇమ్లీబన్ బస్టాండు వచ్చాక ఇది సిటీ బస్సులకు మిగిలింది. 2018 జులై 5న పొద్దున్నే ఆ రేకులన్నీ ఒక్కసారిగా కుప్పకూలాయి. బస్సులు ముందే ఆపేశారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. టీవీలో చూసి నేను ఏడ్చాను. రేకుల షెడ్డు కోసం ఏడ్చేది నువ్వొక్కదానివే అన్నాడు మా ఆయన.

పాత పుస్తకాల సంగతి రాయకపోతే కోఠీ గురించి రాసినట్టు కాదు. ఫుట్‌పాత్ మీద ఇటుకల్లా పేర్చిన ఇంటర్ పుస్తకాలు, ఎంసెట్ గైడ్లు, మెడికల్ పుస్తకాలు. సగం ధరకు కొని, ఏడాది చదివి, పావు ధరకు అమ్మేవాళ్లం. మనకన్నా ముందు చదివినవాడు ముఖ్యమైన చోట గీతలు గీసి ఉంటే ఐదు రూపాయలు ఎక్కువ ఇవ్వచ్చని నా లెక్క. తెలుగు పుస్తకాలకు బ్యాంక్ స్ట్రీట్‌లో విశాలాంధ్ర, కాచిగూడ చౌరస్తా వైపు నవోదయ. కొనేది ఒకటి, నిలబడి చదివేది నాలుగు.

గోకుల్ చాట్‌లో కట్‌లెట్, రగడా తినకుండా షాపింగు పూర్తయ్యేది కాదు. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం, అక్కడా లుంబినీ పార్కులోనూ బాంబులు పేలాయి, 40 మందికి పైగా పోయారు. అప్పటికి మేం దిల్‌సుఖ్‌నగర్ అవతల ఉంటున్నాం, కానీ బాపు శనివారాలు బస్సెక్కి కోఠీ పోయేవాడు, పుస్తకాలు తిరగేయడానికి. ఫోను కలవలేదు. మూడు గంటల టెన్షన్. అమ్మ మాట్లాడలేదు, దేవుడి గదిలోకీ పోలేదు, బియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. పదిన్నరకి బాపు వచ్చాడు, చాదర్‌ఘాట్ నుంచి నడుచుకుంటూ, చేతిలో పేపరు చుట్టిన రెండు పుస్తకాలతో. అమ్మ చేట పక్కన పెట్టి "అన్నం పెట్టనా" అంది. అంతే. ఆ బియ్యంలో ఒక్క రాయి లేదు, ప్యాకెట్ బియ్యం అవి.

ఆ తర్వాత మెట్రో గొడవ. సుల్తాన్ బజార్ రోడ్డు మొదలే ఇరుకు, దాని మీదుగా మెట్రో వద్దని వ్యాపారులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు, దారి మారుస్తామన్న మాటలూ వినపడ్డాయి, చివరికి అక్కడినుంచే వచ్చింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ దాకా లైను తెరిచారు, మధ్యలో సుల్తాన్ బజార్ అని స్టేషను. నాకు మెట్రో అంటే కోపమేమీ లేదు. మోకాళ్ల నొప్పులతో ఆటోల్లో ఎగిరెగిరి పడేకన్నా చల్లగా కూర్చుని వస్తున్నాను. రైల్లోంచి చూస్తే మా పాత ఇంటి డాబా కనపడుతుంది కూడా, కనురెప్ప పాటు. ఆయీ వాళ్లు ఎప్పుడో అమ్మేశారు, ఇప్పుడు మొత్తం గోదామే.

పోయిన శ్రావణంలో అమ్మ ట్రంకు పెట్టె సర్దాను. అమ్మ పోయి ఏడాది దాటింది. అడుగున విశారద సర్టిఫికెట్, దాని మీద మడత విప్పని గద్వాల చీర, వంకాయ రంగుకీ నేరేడు రంగుకీ మధ్యలో ఏదో. బ్లౌజ్ పీసు లేదు. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతానంది. వద్దని దాన్ని తీసుకుని సుల్తాన్ బజార్ పోయాను.

ఆ షాపే. పెద్దాయన లేడు, కొడుకు కూర్చున్నాడు, గల్లా పక్కన ఫోటోకి దండ. పది ముక్కలు పరిచాడు, నేను రెండు ఏరాను. "బయట చూస్తాను" అన్నాను. అతను నవ్వి, "బయట కూడా ఇంతే ఆంటీ" అన్నాడు. మెట్లు దిగి చూస్తే మధ్యాహ్నం పన్నెండున్నరకి రోడ్డంతా నీడ. నెత్తిమీద కాంక్రీటు, పైనుంచి రైలు పోతున్న గరగర. జనం అట్లాగే ఉన్నారు, గాజుల బండ్లు అట్లాగే ఉన్నాయి, రోడ్డు మీద మాత్రం ట్యూబ్‌లైట్లు పగలే వెలుగుతున్నాయి. మా అమ్మాయి ఫోను తీసి టార్చి వేసింది. రెండు ముక్కలూ తెల్లగా మెరిశాయి, ఏదీ తేలలేదు.

షాపతను కొంచెంసేపు చూశాడు. తర్వాత గల్లాకి తాళమేసి, చీర కొంగు ఒక భుజం మీద వేసుకుని, ముక్కలు చేత్తో పట్టుకుని, "రండి ఆంటీ, సందులోకి పోదాం, నాన్న కూడా ఈ మధ్య అక్కడికే తీసుకుపోయేవాడు" అని ముందు నడిచాడు. రెండు షాపులు దాటి, మలుపు తిరిగితే, గోడకీ గోడకీ మధ్య చాప వెడల్పు ఎండ పడుతోంది. అప్పటికే అక్కడ ఇద్దరు ఆడవాళ్లు వాళ్ల చీరలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మేం వెనకాల నిలబడ్డాం.